ప్రాణహిత లోయలో రోవర్ల దారి

సోమవారం, బల్లార్షా – ఆలాపల్లి

అంగారక గ్రహం మీద చక్రాలతో తిరిగిన రోవర్లు అనే యంత్రాలు ప్రధానంగా వెతికింది నీటి జాడలను: అది ఎక్కడ పారింది, ఎక్కడ నిలిచింది, ఎప్పుడు ఇంకిపోయింది. ఆ జాడలు రాళ్లలో ఎలా మిగిలిపోతాయో కళ్లారా చూపించడానికి మా వైపు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసను మించిన చోటు లేదు. అక్కడ ప్రాణహిత పారుతోంది. పాతకాలపు సరస్సు అడుగున పేరుకున్న సున్నపురాయి, రాయిగా మారిన చెట్లు, ఇనుప ఖనిజపు కొండలు అన్నీ ఒక్క దారిలో తగులుతాయి. అందుకే అహేరి, సిరోంచ తాలూకాల బడుల్లో రోవర్ల గురించి తెలుగులో చెప్పి రావాలనుకున్నప్పుడు, తెర మీద బొమ్మలు వేసి తిరిగి వచ్చేయకుండా, దారి పొడుగునా రాళ్లను చూస్తూ, చూపిస్తూ వెళ్లాలని నిశ్చయించుకున్నాం. ఇళ్లల్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలు వాళ్లు. విజ్ఞాన శాస్త్రం గురించి ఇంటి భాషలో వినే అవకాశం వాళ్లకు తక్కువ.

నాతో వచ్చిన పెద్దాయన బొగ్గు గనుల్లో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యారు. నేను ఆయనను అన్నా అనే పిలుస్తాను. రాయి కనబడితే దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూడకుండా ఉండలేని మనిషి.

రాష్ట్ర రవాణా సంస్థ వారి ఎస్టీ బస్సు గోండ్‌పిప్రి మీదుగా ఆష్టి చేరి వైనగంగ దాటింది. ఈ నదే కాస్త దిగువన వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ఆలాపల్లి దగ్గర పడుతుండగా సూరజాగఢ్ కొండల నుంచి ఖనిజం మోసుకొచ్చే లారీలు వరుసగా ఎదురయ్యాయి. రోడ్డు పక్కన టేకు ఆకుల మీద ఎర్రటి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. అది హెమటైట్ అనే ఇనుప ఖనిజపు పొడి. అంగారకుడికి ఎర్రరంగు వచ్చింది కూడా ఇనుప ఆక్సైడ్ల దుమ్ము వల్లే.

హెమటైట్‌కు రోవర్ల చరిత్రలో ప్రత్యేకమైన స్థానముంది. మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే ఆర్బిటర్, అంటే గ్రహం చుట్టూ తిరిగే నౌక, అంగారకుడి మీది మెరిడియాని మైదానంలో బూడిదరంగు స్ఫటిక హెమటైట్ ఉన్నట్టు పైనుంచే కనిపెట్టింది. ఈ ఖనిజం చాలా సందర్భాల్లో నీటి సమక్షంలో ఏర్పడుతుంది కాబట్టి, 2004 జనవరిలో ఆపర్చునిటీ రోవర్‌ను అక్కడే దింపారు. అది దిగిన చిన్న బిలంలో నాలుగైదు మిల్లీమీటర్ల గుండ్రటి హెమటైట్ గుళికలు నేలంతా పరుచుకుని కనిపించాయి. రాతిపొరల సందుల్లో ఊరిన నీటిలోంచి ఇనుము పేరుకుని ఆ గుళికలు తయారయ్యాయని, తర్వాత మెత్తటి రాయి అరిగిపోయి అవి బయటపడ్డాయని తేలింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్న ఆ బండి 2018 జూన్ దాకా మాట్లాడుతూ 45 కిలోమీటర్లకు పైగా నడిచింది. అప్పటికి మరో గ్రహం మీద ఏ వాహనమూ అంత దూరం వెళ్లలేదు.

ఆలాపల్లిలో రాత్రి బస. టీ దుకాణం ముందు ఒక తాత మా సంచిలోని ఖనిజపు ముక్కను చేతిలో బరువు చూసి, “గీ ఎర్ర మన్ను, గాడి ఎర్ర మన్ను ఒక్కటేనా సార్?” అని అడిగాడు. రెండింటిలోనూ ఇనుమే తుప్పు పట్టిందని, కానీ అక్కడి తుప్పు ఏ నీటితో ఎప్పుడు పట్టిందన్నదే శాస్త్రజ్ఞులు తేల్చుకుంటున్న విషయమని తాతకు అన్న ఓపికగా చెప్పారు.

మంగళవారం, ఆలాపల్లి – వడదం – సిరోంచ

అడవి దారి. రోడ్డు ఎక్కువ భాగం గుంతలమయం కావడంతో వంద కిలోమీటర్ల లోపు ప్రయాణానికే పూట గడిచిపోయింది. మాట్లాడదగినది వడదం దగ్గర చూసిన శిలాజ వనం ఒక్కటే.

అక్కడ నేల మీద పడి ఉన్నవి చూడటానికి దుంగలే. తాకితే మాత్రం రాయి. అన్న ఒక దుంగ తెగిన అంచు దగ్గర కూర్చుని, భూతద్దం నా చేతికిచ్చి, వేలుతో ఒక గీత వెంట చూడమన్నారు. చెట్టు నార పోగులు ఒకదాని పక్కన ఒకటి, బారుగా, చెక్కులో ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. మధ్యలో ఒక చోట బుడిపె చుట్టూ ఆ పోగులు వంగి తిరిగి మళ్లీ దారిలో పడ్డాయి. ఒకప్పుడు అక్కడ కొమ్మ మొలిచి ఉండాలి. మట్టిలో పూడిన మాను కుళ్లిపోయేలోపే సిలికా (ఇసుకలో ఉండే ఖనిజ పదార్థం) కరిగి ఉన్న నీరు దానిలోకి ఇంకి, కణం కణాన్నీ నింపి గట్టిపడటం వల్ల ఇంత సూక్ష్మమైన వివరం కూడా నిలిచింది.

సిలికాకు ఉన్న ఈ గుణాన్ని తలచుకుంటే స్పిరిట్ రోవర్ కథ చెప్పకుండా ఉండలేను. అంగారకుడి మీది గుసేవ్ బిలంలో ఒకప్పుడు సరస్సు ఉండి ఉంటుందన్న ఆశతో దాన్ని 2004లో దింపితే, దిగిన మైదానమంతా అగ్నిపర్వతపు నల్లరాయే. మన వరోరా వైపు కనిపించే దక్కన్ బసాల్ట్ జాతికే చెందిన రాయి అది. 2006లో దాని ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. ఇక వెనక్కి నడుపుతూ, మొరాయించిన చక్రాన్ని ఈడ్చుకుంటూ పోవాల్సి వచ్చింది. 2007లో ఆ చక్రం గీసిన చాలులోంచి తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే అందులో సుమారు 90 శాతం సిలికా ఉంది. అంత శుద్ధమైన సిలికా పేరుకోవాలంటే వేడినీటి ఊటలో, ఆవిరి చిమ్మే బిలాలో ఉండి ఉండాలి. సరస్సును వెతుకుతూ వెళ్లిన యంత్రానికి, పాడైన చక్రం పుణ్యాన, జీవుల జాడను దాచగల మరో చోటు దొరికింది. భూమి మీదైతే అలాంటి ఊటల పక్కన సూక్ష్మజీవుల అచ్చులు సిలికాలో చెక్కుచెదరకుండా నిలుస్తాయి.

చీకటి పడేవేళకు సిరోంచ చేరాం.

బుధవారం, సిరోంచ దగ్గరి ఒక బడి

మిర్చి ఏరే రోజులు కావడంతో పెద్ద తరగతుల పిల్లలు కొందరు చేలకు వెళ్లిపోతారేమోనని టీచరమ్మ భయపడ్డారు. కానీ పొద్దున పది కల్లా ఆవరణ నిండిపోయింది. కొందరు తల్లులు కూడా పిల్లల వెంట వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు.

మేం పర్సెవరెన్స్ రోవర్ చక్రాన్ని అసలు కొలతలో, అంటే 52.5 సెంటీమీటర్ల వ్యాసంతో, అట్టతో చేసి తీసుకెళ్లాం. అలాంటి ఆరు చక్రాల మీద టన్నుకు కొద్దిగా పైబడిన బండి నడుస్తుందని, అసలు చక్రం అల్యూమినియంతో చేసినదని, గాలి నింపే టైరు అక్కడ పనికిరాదని చెబుతుంటే ఒకడు లేచి, “మరి డ్రైవర్ యాడ కూసుంటడు సార్?” అని అడిగాడు. ఆ రోజు మేం చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

డ్రైవర్ భూమి మీదే ఉంటాడు. అతను పంపిన ఆదేశం కాంతివేగంతో వెళ్లినా, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి అక్కడికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జరిగింది తెలియడానికి మళ్లీ అంత సమయం కావాలి. గుంత కనబడి బ్రేకు వేద్దామనుకునేలోపు బండి ఆ గుంతలో పడి చాలాసేపై ఉంటుంది. అందుకే డ్రైవర్లు రోజుకు సరిపడా పనిని ముందే రాసి పంపుతారు. అక్కడి రోజు మన రోజు కన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ కాబట్టి, రోవర్ దిగిన తొలి నెలల్లో ఆ బృందం నిద్రవేళలు కూడా రోజురోజుకూ జరిగిపోతుంటాయి.

దీన్ని ఆటగా ఆడించాం. ఒక అబ్బాయి కళ్లకు గంతలు కట్టి రోవర్‌ను చేశాం. ఆవరణ అవతలి కొసన నలుగురు అమ్మాయిలు నియంత్రణ కేంద్రం. మధ్యలో ఇటుకలు, బిందెలు, ఒక సైకిలు అడ్డుపెట్టాం. అమ్మాయిలు చీటీ మీద ఆదేశం రాస్తే, ఒక చిన్నవాడు దాన్ని మెల్లగా నడుచుకుంటూ తీసుకెళ్లి చెవిలో చదవాలి. మొదటి చీటీలోనే “పది అడుగులు ముందుకు” అని రాసి పంపారు. రోవర్ నేరుగా వెళ్లి సైకిలుకు తగిలింది. రెండోసారి వాళ్లు ఆవరణ బొమ్మ గీసుకుని, అడుగులు కొలుచుకుని, ఎక్కడ ఆగాలో కూడా రాశారు. మూడోసారి ఒక అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే, “కాలికి ఏమన్న తాకితె ఆగు, మేం చెప్పెదాంక కదలకు” అని చివర చేర్చింది. అన్న నా వైపు చూసి తలూపారు. రోవర్ల కంప్యూటర్లలో రాసే రక్షణ సూత్రం అదే: అనుమానం వస్తే ఆగిపోయి ఇంటికి కబురు పంపాలి.

దిగేటప్పుడు మాత్రం ఆగి అడిగే వీలు లేదు. 2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ గంటకు 19 వేల కిలోమీటర్లకు పైగా వేగంతో వాతావరణంలోకి దూసుకొచ్చి, సుమారు ఏడు నిమిషాల్లో నేల మీద నిలిచింది. వేడికవచం, 21.5 మీటర్ల పారాచూట్, చివర తాళ్లతో బండిని దింపే ఎగిరే క్రేన్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే పనిచేయాలి. కిందికి వస్తూనే నేలను ఫొటోలు తీసి, తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, బండలు లేని చోటును అదే ఎంచుకుంది. ఆ కబురు భూమికి చేరడానికి 11 నిమిషాలు పట్టింది కాబట్టి, దిగడం మొదలైందన్న వార్త ఇక్కడికి అందేసరికే అక్కడ అంతా ముగిసిపోయింది.

మన మంగళ్‌యాన్ కథ చెప్పినప్పుడు ఆవరణలో చప్పుడు లేదు. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ మీద బయలుదేరిన ఆ నౌక 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. దాదాపు 300 రోజులు నిద్రలో ఉన్న ఇంజిన్ ఆ పొద్దున సరిగ్గా మండాలి. కొంతసేపు నౌక గ్రహం చాటుకు వెళ్లిపోవడం వల్ల ఏమవుతోందో తెలిసే దారి కూడా లేదు. తొలి ప్రయత్నంలోనే, సుమారు 450 కోట్ల రూపాయల ఖర్చుతో అది సాధ్యమైంది. ఆరు నెలలకని పంపితే 2022 దాకా పనిచేసింది. ఆ విజయాన్ని చౌకగా చేశామన్న లెక్కతోనే తలచుకోవడం నాకు నచ్చదు. కొలవాల్సింది ఆ చాటు నిమిషాల కోసం ముందే ఆలోచించి రాసిన ఆదేశాలను. ఆ అమ్మాయి మూడో చీటీలో చేసింది కూడా అలాంటి పనే.

గురువారం, కోటా

సిరోంచకు ఎగువన ప్రాణహిత ఒడ్డున ఉన్న చిన్న పల్లె కోటా. ఇళ్లల్లో గచ్చుకు పరిచే రాజస్థాన్ కోటా రాయికీ ఈ ఊరికీ సంబంధం లేదు. ఇక్కడి సున్నపురాయి భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధం. జురాసిక్ కాలంలో ఇక్కడొక సరస్సు ఉండేది. దాని అడుగున పలుచటి పొరలుగా సున్నం పేరుకుంటూ, ఆ పొరల్లో చేపలు పూడిపోతూ వచ్చాయి. 19వ శతాబ్దంలోనే ఇక్కడి చేప శిలాజాలను పండితులు వర్ణించారు. నదికి ఆవలి ఒడ్డున, ఇప్పటి తెలంగాణలో, ఇదే శిలా సముదాయంలో భారీ డైనోసార్ ఎముకలు దొరికాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు వాటిని కలకత్తాకు తరలించి, ఏళ్ల తరబడి శుభ్రం చేసి, 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు.

ఏరు కోసిన గట్టు దగ్గర పలకలు వాటంతట అవే ఊడి పడి ఉన్నాయి. వాటిని తీసుకెళ్లకూడదు, పగలగొట్టకూడదు అని అన్న ముందే పిల్లలకు గట్టిగా చెప్పారు. విరిగి పడిన ఒక పలక అంచును ఎండకు తిప్పి చూస్తుంటే ఒక చోట తళుక్కుమంది. భూతద్దం పెట్టాను. గోధుమ నలుపు రంగులో, నాలుగు మూలలుగా, పింగాణీ పూత పూసినట్టు నున్నగా ఉన్న ఒక పొలుసు, దాని పక్కనే దాని అంచును కప్పుతూ సగం పొలుసు. చుట్టూ ఉన్న రాయి బూడిదరంగులో గరుకుగా ఉంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కన్ను ఆనించి చూశారు. ఒక అమ్మాయి చాలాసేపు అద్దం వదల్లేదు.

ఈ పొలుసును చూశాక అంగారకుడి మీద జీవాన్ని వెతకడం ఎందుకంత కష్టమో చెప్పడం తేలికైంది. పర్సెవరెన్స్ దిగిన జెజెరో బిలం 45 కిలోమీటర్ల వెడల్పున్న పాత సరస్సు. అందులో నీరు నిలిచింది 350 కోట్ల ఏళ్లకు పూర్వం. అప్పటికి భూమి మీద కూడా సూక్ష్మజీవులే తప్ప చేపలు లేవు, చెట్లు లేవు. కాబట్టి అక్కడ జీవం ఎప్పుడైనా ఉన్నా, భూతద్దానికి తళుక్కుమనే పొలుసు దొరకదు. రాతిలో ఒక రసాయనపు మరక, ఒక ఖనిజపు అమరిక, కాస్త కర్బన పదార్థం మాత్రమే మిగిలి ఉండవచ్చు. అవి జీవం లేకుండానూ ఏర్పడగలవు.

2024 జూలైలో జరిగింది ఇదే. జెజెరోలోకి ఒకప్పుడు నీరు తెచ్చిన పాత నది లోయలో రోవర్‌కు ఎర్రటి బురదరాయి ఒకటి కనిపించింది; దానికి చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. దాని మీద మిల్లీమీటర్ల సైజులో లేత రంగు మచ్చలు, వాటి చుట్టూ నల్లటి అంచులు ఉన్నాయి. రోవర్ పరికరాలు అందులో కర్బన పదార్థాన్ని కూడా పసిగట్టాయి. 2025 సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ మచ్చల్లో వివియనైట్, గ్రెయిగైట్ అనే ఇనుప ఖనిజాలు ఉన్నట్టుంది. భూమి మీద బురదలోని సూక్ష్మజీవులు కర్బనాన్ని తింటూ ఇనుమును, గంధకాన్ని మార్చేటప్పుడు ఇలాంటివే ఏర్పడతాయి. ఆ రచయితలు దీన్ని జీవం ఉందనడానికి రుజువు అనలేదు, జీవపు ఆనవాలు కావచ్చు అన్నారు. అంత జాగ్రత్తగా మాట్లాడినందుకు వాళ్ల మీద నా గౌరవం పెరిగింది. వార్తా చానెళ్లు మాత్రం అంత నిదానం చూపలేదు.

“మరి గా రాయిని ఈడికి తెస్తే తెల్వదా సార్?” అన్నాడు ఒక పిల్లవాడు. బరపాసారస్ ఎముకలను కలకత్తా పంపినట్టే దాన్నీ ఇంటికి పంపాలన్నమాట. ఆ జవాబును రేపు ఏటి ఒడ్డున చెబుతానన్నాను.

శుక్రవారం, ప్రాణహిత – గోదావరి సంగమం

ఎదురుగా కాళేశ్వరం గుడి. నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. తిన్నె మీద మిగిలిన ఒక మడుగులోకి పక్కనుంచి సన్నటి పాయ పారుతోంది. అది మడుగులో కలిసే చోట తెచ్చిన ఇసుకను వదిలేసి, విసనకర్ర ఆకారంలో చిన్న మేట వేసింది. అన్న తాపీ తీసుకుని ఆ మేటను నిలువునా కోశారు. కోసిన ముఖంలో ఇసుక పొరలు అడ్డంగా లేవు. పాయ వచ్చిన వైపు నుంచి మడుగు లోపలికి ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి పైన మాత్రం ఒక పలుచటి అడ్డపొర ఉంది. పారే నీరు నిలిచిన నీటిలో కలిసే చోట ఈ వాలు వస్తుందని ఆయన చెప్పారు.

జెజెరోలో జరిగిందీ సరిగ్గా ఇదే. ఆ బిలం అంచున ఒక డెల్టా ఉన్నట్టు ఆర్బిటర్ల చిత్రాల్లో ముందే కనబడింది, రోవర్‌ను అక్కడికి పంపిందీ అందుకే. కానీ పైనుంచి చూసింది నిజమని తేలడానికి పక్కనుంచి పొరలు కనబడాలి. దిగిన చోటు నుంచే రెండు కిలోమీటర్ల అవతల ఉన్న కొడియాక్ అనే చిన్న గుట్టను రోవర్ ఫొటో తీసింది. గాలికి అరిగిన ఆ గుట్ట నిలువు ముఖంలో కింద ఏటవాలు పొరలు, వాటి పైన అడ్డపొరలు స్పష్టంగా ఉన్నాయి. సరస్సు నిజంగా ఉండేదని, దాని నీటి మట్టం కాలక్రమంలో మారుతూ వచ్చిందని 2021లో తేల్చింది ఆ చిత్రాలే. డెల్టా పైభాగంలో పెద్ద పెద్ద బండరాళ్లు కూడా ఉన్నాయి. ప్రశాంతమైన నది మోసేవి కావవి, తర్వాతి కాలపు వరదలు తెచ్చినవి. ఇక్కడి రైతులకు ఆ మాట విడమరచి చెప్పనక్కర లేకపోయింది. ప్రాణహిత వరదకు ఏం మోసుకొస్తుందో వాళ్లు ఏటా చూస్తారు.

ఇక నిన్నటి ప్రశ్న. నేను జేబులోంచి సుద్దముక్క తీసి చూపించాను. రోవర్ డ్రిల్లు తీసే రాతి ముక్క దాదాపు ఇంతే ఉంటుంది: 13 మిల్లీమీటర్ల మందం, 60 మిల్లీమీటర్ల పొడవు. నమూనాల కోసం మొత్తం 43 గొట్టాలు దానితో పంపారు. వాటిలో పదింటిని 2022 డిసెంబర్ నుంచి కొన్ని వారాల్లో ఒక చదునైన చోట నేల మీద వరుసగా వదిలింది. రోవర్ పాడైనా అవి దక్కాలని ఆ ఏర్పాటు. చెయావా ఫాల్స్ నుంచి తీసిన ముక్క రోవర్ కడుపులోనే ఉంది. వాటిని తేవాలంటే మరో నౌక అక్కడ దిగాలి, గొట్టాలను తీసుకోవాలి, ఆ నేల నుంచి రాకెట్ ఎగరాలి. ఇంతవరకు మరో గ్రహం నుంచి అలా ఎవరూ ఎగరలేదు. 2023లో ఒక స్వతంత్ర సమీక్షక బృందం ఇందుకు 800 నుంచి 1,100 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. అప్పటి నుంచి నాసా, యూరప్ సంస్థల ఉమ్మడి పథకం చిక్కుల్లో పడింది. చైనా తన తియాన్‌వెన్-3 నౌకను 2028 ప్రాంతంలో పంపి, వేరే చోటు నుంచి నమూనాలు తేవాలని పనిచేస్తోంది.

“ఎవ్వలు తెచ్చినా మంచిదే గదా సార్” అంది నిన్న అద్దం వదలని అమ్మాయి. నేనూ అదే అంటాను. కానీ చెయావా ఫాల్స్ ముక్కను, అంత వెతికి, అంత జాగ్రత్తగా గొట్టంలో మూసి పెట్టాక, ఖర్చు పేరుతో అక్కడే వదిలేస్తే అది చాలా పెద్ద నష్టం. బసాల్ట్ మైదానంలో సిలికాను బయటపెట్టిన చక్రం నుంచి కొడియాక్ పొరల దాకా, రోవర్లు చేయగలిగినదంతా దాదాపు చేశాయి. ఆ మచ్చల్లోని ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) కొలవడానికి, పొడిని పరమాణువుల స్థాయిలో చూడటానికి గదులంత పరికరాలు కావాలి. వాటిని ఆరు చక్రాల మీద ఎక్కించడం కుదరదు. అందుకు రాయే ప్రయాణం చేయాలి.

మధ్యాహ్నం బడికి తిరిగి వెళ్లి ఒక పని అప్పగించాం. పర్సెవరెన్స్, క్యూరియాసిటీ రోవర్లు తీసే చిత్రాలను నాసా వచ్చినవి వచ్చినట్టే అందరికీ ఉచితంగా చూసే వీలు కల్పిస్తుంది. బడి వెనక గుట్ట మీద ఫోన్ సిగ్నల్ బాగానే అందుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి శనివారం అక్కడికి వెళ్లి, కొత్త చిత్రాలు నాలుగైదు దించుకుని, ఏ రాయి కనిపించింది, పొరలు అడ్డంగా ఉన్నాయా వాలుగా ఉన్నాయా, గులకలు గుండ్రంగా ఉన్నాయా పదునుగా ఉన్నాయా అని నోటుబుక్కులో రాయాలి. సందేహం వస్తే అన్నకు ఫోన్ చేయాలి. మరాఠీలో రాయాలా తెలుగులో రాయాలా అని అడిగితే, టీచరమ్మ ఎడమ పేజీ ఒకటికి, కుడి పేజీ ఒకటికి ఇచ్చారు. మా బస్సు వచ్చేలోపే వాళ్లు మొదటి పేజీలో తేదీకి, అక్కడి రోజు సంఖ్యకు, రాయి రంగుకు గడులు గీసేశారు.